ప్రార్థనకు మాటలు రావడం లేదు, నా విశ్వాసం చచ్చిపోయిందా?

పేరు రాయవద్దని కోరుతూ ఒక సోదరి చాలా పెద్ద ఉత్తరం రాశారు. ఆవిడ వయసు నలభై దాటింది. రెండేళ్ల కిందట భర్తకు రెండు కిడ్నీలూ పాడయ్యాయని తేలింది. అప్పటినుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆయన ఉద్యోగం మానేశారు, ఇల్లు ఆవిడ జీతంమీదే నడుస్తోంది. తన కిడ్నీ ఇద్దామని పరీక్షలు చేయించుకుంటే ఆవిడకే షుగర్ ఉందని బయటపడింది, డాక్టర్లు వద్దన్నారు. ఇప్పుడు కిడ్నీ మార్పిడికి ఆయన పేరు నమోదు చేయించి ఎదురుచూస్తున్నారు. పద్నాలుగేళ్ల కొడుకు ఉన్నాడు.

ఆవిడ చిన్నప్పటినుంచీ విశ్వాసంలో పెరిగారు, సంఘంలో స్త్రీల కూడిక నడిపిస్తారు. జబ్బు కొత్తలో అందరూ ఉపవాస ప్రార్థనలు చేశారు. నెలలు గడిచేకొద్దీ మాటలు మారాయి. “ఎక్కడో విశ్వాసం తగ్గింది” అని ఒకరు, “ఒప్పుకోని పాపం ఏదో ఉంది, ఇద్దరూ పరీక్షించుకోండి” అని ఇంకొకరు. బయటినుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు తలమీద చెయ్యి పెట్టి, స్వస్థత జరిగిపోయిందని, ఒక వారం డయాలసిస్ మానేసి విశ్వాసం చూపించమని చెప్పాడట. విత్తనంలా నాటితే ఫలం వస్తుందంటూ కానుక కూడా వేయమన్నాడట. ఆవిడ భయంతో ఒప్పుకుని సగం ఇచ్చేశారు. మిగతా సగం ఇవ్వకపోతే దేవుడు శిక్షిస్తాడేమోనని ఇప్పుడు నిద్ర పట్టడం లేదు.

ఉత్తరం చివర్లో ఇలా రాశారు: “నాకు ప్రార్థన రావడం లేదు. మోకరిస్తే మాట రాదు. కూడికలో మాత్రం అందరికంటే గట్టిగా ప్రార్థిస్తాను, ఇంటికొచ్చి నామీద నాకే అసహ్యం వేస్తుంది. మా వారి చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) వేసినచోట వేలు పెడితే రక్తం జివ్వుమని పారడం తెలుస్తుంది. ఆగిపోలేదు కదా అని రోజూ పొద్దున్నే చూస్తాను. ప్రార్థన బదులు అదొక్కటే చేస్తున్నాను. ‘దేవుడు వింటే నాన్నకి ఎందుకు తగ్గలేదు?’ అని బాబు అడిగితే జవాబు చెప్పలేకపోయాను. ఇంకో సంగతి ఎవరితోనూ అనలేదు. ఎవరో చనిపోతేనే మాకు కిడ్నీ వస్తుంది. దాని కోసం ఎలా ప్రార్థించాలి? నా విశ్వాసం చచ్చిపోయిందా? కూడిక బాధ్యత వదిలేయనా?”

సోదరీ,

మీ విశ్వాసం చచ్చిపోలేదు. దేవుడితో సంబంధం తెగిపోయినవాళ్లు ఆయన ఏమనుకుంటున్నాడో అని రాత్రిళ్లు మేలుకోరు. మీ ఉత్తరంలో ఏ పేజీ తీసినా ఆయన పేరుంది. కొన్నిచోట్ల భయంతో, కొన్నిచోట్ల కోపంతో, ఒకచోట అలిగినట్టుగా. మీరు ఆయనతో మాట్లాడటం మానలేదు. మీకు అలవాటైన పద్ధతిలో మాట్లాడలేకపోతున్నారు, అంతే.

మీరు రాసినవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడిపోయి ఒకే పెద్ద ప్రశ్నలా మీమీద కూర్చున్నాయి. విడదీస్తే కొన్ని ఈ వారంలోనే తేల్చుకోవచ్చు. కొన్నిటికి చాలాకాలం జవాబు రాకపోవచ్చు. తేలేవాటితో మొదలుపెడతాను.

ముందుగా ప్రాణానికి సంబంధించిన సంగతి. మిగతా అన్ని విషయాల్లో దారులు చూపించి నిర్ణయం మీకే వదిలేస్తాను, డయాలసిస్ విషయంలో మాత్రం వదలను. ఒక్కసారి కూడా మానకండి. కిడ్నీలు పనిచేయనప్పుడు ఒంట్లో నీరు చేరుతుంది, రక్తంలో పొటాషియం పెరుగుతుంది. ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి దిగితే ఊపిరాడదు. పొటాషియం హద్దు దాటితే గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. వారం మానేయమన్న మనిషికి ఇది తెలిసి ఉండకపోవచ్చు, కానీ తెలియని విషయంలో ఇంకొకరి ప్రాణాన్ని పందెం పెట్టే హక్కు ఎవరికీ లేదు.

మందు వాడటం అవిశ్వాసం కాదు. హిజ్కియా రాజు చావుబతుకుల్లో ఉండి ఏడ్చి ప్రార్థించినప్పుడు దేవుడు విన్నాడు, ఇంకా 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానని యెషయా ప్రవక్త చేత చెప్పించాడు. మాట ఇచ్చింది దేవుడే. అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద కట్టించాడు. వాగ్దానం ఒక పక్క, కట్టు ఒక పక్క. ఆ రెంటికీ పోటీ ఉన్నట్టు అక్కడ ఎవరూ అనుకోలేదు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. తిమోతికి తరచూ జబ్బు చేస్తుంటే, నీ కడుపు కోసం కాస్త ద్రాక్షారసం తీసుకో అని పౌలు రాశాడు. నీకు విశ్వాసం తక్కువైంది అని రాయలేదు. మీ వారికి స్వస్థత కోసం ప్రార్థించేవాళ్లు ప్రార్థించనీయండి, మీరూ అడగండి. ఆయన మాత్రం డయాలసిస్ బెడ్‌మీద ఉండి ఆ ప్రార్థనలు అందుకుంటారు.

రెండోది ఆ కానుక. మొక్కుకున్నది చెల్లించాలి అనే వాక్యం ప్రసంగి గ్రంథంలో ఉంది, మిమ్మల్ని భయపెట్టింది అదే అయి ఉంటుంది. అయితే అదే బైబిల్లో యేసు కొర్బాను అనే పద్ధతిమీద ఎంత కోపపడ్డాడో మార్కు 7వ అధ్యాయంలో చూడండి. తల్లిదండ్రులకు పెట్టాల్సిన సొమ్మును దేవుడికి అర్పించేశామని చెప్పి వాళ్లను గాలికి వదిలేసేవారు. దేవుడి పేరు చెప్పి ఇంట్లోవాళ్ల నోటిదగ్గరిది లాగేయడం ఆయనకు ఇష్టం లేదు. నయమాను అనే సేనాపతికి కుష్ఠు పోయాక ఎలీషా ప్రవక్త అతని దగ్గర ఒక్క కానుక కూడా ముట్టుకోలేదు. ఆయన పనివాడు గేహజీ వెనకాలే పరుగెత్తి వసూలు చేసుకున్నాడు, ఆ కుష్ఠు వాడికే అంటింది. స్వస్థతకు వెల కట్టడాన్ని బైబిల్ ఎంత తీవ్రంగా తీసుకుంటుందో ఆ ఒక్క కథ చాలు.

మిగతా సగం విషయంలో మీకు మూడు దారులు కనిపిస్తున్నాయి. ఇచ్చేయవచ్చు. భయం కొన్నాళ్లు తగ్గుతుంది, కానీ ఇంటి ఖర్చులో, మందుల్లో లోటు పడుతుంది, పైగా మళ్లీ అడగరన్న భరోసా లేదు. ఇవ్వకుండా, ఎవరితోనూ అనకుండా ఊరుకోవచ్చు. డబ్బు మిగులుతుంది, భయం మీతోనే ఉండిపోతుంది, ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా అదే గుర్తుకొస్తుంది. మూడోది, మీ సంఘ కాపరితో జరిగినదంతా చెప్పి, ఆయన ఎదుటే దేవుడితో “భయపడి మాటిచ్చాను, నా ఇంటికి కావలసినది ఇది” అని చెప్పుకుని, దాన్ని అక్కడితో ముగించడం. నాకు ఈ మూడోదే సరైందనిపిస్తుంది. బలవంతంగా కాకుండా, ఇష్టంగా ఇచ్చేవాడిని దేవుడు ప్రేమిస్తాడని పౌలు రాశాడు కదా. మీరు ఇచ్చింది ఇష్టంగా కాదు. ముందుముందు కలిగినప్పుడు, మీలాగే కష్టంలో ఉన్న ఏ ఇంటికైనా ఆనందంగా ఇవ్వండి.

ఇక “పాపం ఉంది, విశ్వాసం తగ్గింది” అన్న మాటల సంగతి. ఈ మాటలు కొత్తవి కావు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులే అడిగారు, పాపం చేసింది వీడా, వీడి తల్లిదండ్రులా అని. ఎవరూ కాదన్నాడు యేసు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులని అనుకుంటున్నారా అని ఆయనే ఎదురడిగాడు. పిల్లలనూ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేలమీద మౌనంగా కూర్చున్నారు. వాళ్లు చేసినవాటిలో మంచిపని అదొక్కటే. నోరు తెరిచాక అంతా నువ్వేదో చేసి ఉంటావనే వాదనే. చివరికి దేవుడు ఆ స్నేహితుల్లో ఒకడైన ఎలీఫజుతో, మీరు నా గురించి యుక్తమైనది పలకలేదు, యోబు పలికాడు అన్నాడు. అధ్యాయాలకు అధ్యాయాలు దేవుణ్ణి నిలదీసిన యోబు మాటలను దేవుడు ఒప్పుకున్నాడు, దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్న స్నేహితుల మాటలను తోసేశాడు. ఇది మీరు పదేపదే చదవాల్సిన చోటు.

విశ్వాసం తగ్గిందనే మాటకు ఇంకో సంగతి కూడా. పక్షవాతంతో ఉన్న మనిషిని నలుగురు మోసుకొచ్చి, ఇంటికప్పు విప్పి యేసు ముందుకు దించారు. ఆయన చూసింది ‘వారి’ విశ్వాసం, మంచంమీద ఉన్నవాడి విశ్వాసం ఎంతో కొలవలేదు. మీలో ఎవరైనా రోగియై ఉంటే సంఘపు పెద్దలను పిలిపించుకోవాలని యాకోబు రాశాడు. ప్రార్థన చేయాల్సిన భారం అక్కడ పెద్దలమీద ఉంది. జబ్బుతో ఉన్న ఇంటిమీదే విశ్వాసం బరువంతా పెట్టి, తగ్గకపోతే ఆ ఇంటినే తప్పుపట్టడం వాక్యం చెప్పిన పద్ధతి కాదు. పౌలంతటివాడే తన తోటి పనివాడు త్రోఫిమును మిలేతు ఊళ్లో జబ్బుగా ఉండగా వదిలి వెళ్లాల్సి వచ్చింది. తన ఒంట్లో ముల్లులా బాధిస్తున్నదాన్ని తీసేయమని మూడుసార్లు వేడుకుంటే తీయలేదు, కృప చాలునన్న జవాబు మాత్రం వచ్చింది.

అలా అన్నవాళ్లందరూ చెడ్డవాళ్లు కాకపోవచ్చు. ఏ కారణమూ లేకుండా ఇంత కష్టం వస్తుందంటే రేపు తమకూ రావచ్చు. ఆ భయాన్ని తట్టుకోలేక మీలో ఒక కారణం వెతుకుతారు. వాళ్లను క్షమించండి, కానీ వాళ్ల మాటను మీ ఇంట్లోకి తీసుకురాకండి. మళ్లీ ఎవరైనా అంటే, “మీరు ప్రార్థించండి, చాలు. కారణాలు మేము వినదలుచుకోలేదు” అని నెమ్మదిగా చెప్పవచ్చు. ఒకరిద్దరు నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి.

ఇప్పుడు ప్రార్థన సంగతి.

మనకు కూడికల్లో అలవాటైన ప్రార్థనకు ఒక వరస ఉంది. స్తుతితో మొదలుపెడతాం, కృతజ్ఞత చెబుతాం, అడుగుతాం, నమ్ముతున్నామని ముగిస్తాం. ఆ వరసలో ఇమడని మనసుతో మోకరిస్తే మాట రాదు. మీకు జరుగుతున్నది అదే అనిపిస్తోంది. కీర్తనల గ్రంథంలో స్తుతి ఎంత ఉందో మొర అంత ఉంది. 13వ కీర్తన తీయండి, ఆరే వచనాలు. మొదటి రెండు వచనాల్లోనే ‘ఎంతకాలం’ అన్న ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది. నన్ను మరిచిపోయావా అని దేవుణ్ణి మొహంమీద అడుగుతాడు దావీదు. చివర్లో నమ్మకంలోకి వస్తాడు. అంతదాకా రాలేని రోజుల కోసం 88వ కీర్తన ఉంది. ఎజ్రాహీయుడైన హేమానుది. అది నమ్మకంతో ముగియదు, వెలుగుతో ముగియదు, చీకటి అన్న మాటదగ్గర ఆగిపోతుంది. దాన్ని ఎవరూ సరిదిద్దలేదు, చివర ఒక స్తుతి వచనం అతికించలేదు. ఆరాధనలో పాడుకునే పుస్తకంలో అలాగే ఉంచారు. మీ రాత్రులకు బైబిల్లో చోటు ఉందన్నమాట.

కాబట్టి కొన్నాళ్లపాటు సొంత మాటల కోసం వెతుక్కోకండి. వాళ్ల మాటలు వాడుకోండి. రోజుకు ఒక కీర్తన పైకి చదవండి, చిన్నగానైనా మీ చెవికి వినబడేలా. ఏ వచనం దగ్గర గొంతు పట్టేస్తే అక్కడే ఆగిపోండి. ఆ రోజుకు అదే మీ ప్రార్థన. ఎలా ప్రార్థించాలో మనకు తెలియనప్పుడు ఆత్మ తానే ఉచ్చరింపశక్యం కాని మూలుగులతో మన పక్షాన విజ్ఞాపన చేస్తాడని రోమా పత్రిక 8వ అధ్యాయంలో ఉంది. మూలుగు కూడా ప్రార్థనగా లెక్కకు వస్తుంది.

పొద్దున్నే మీ వారి చేతిమీద వేలు పెట్టి చూస్తున్నానన్నారు. ‘ప్రార్థన బదులు’ అని రాశారు. ఆ ‘బదులు’ తీసేయండి. ఆ మనిషి ఇంకో రోజు బతకాలని ఊపిరి బిగబట్టి వెతుక్కోవడమే కదా అది. ఆ రక్తం జివ్వుమని తగిలినప్పుడు “ప్రభువా” అని ఒక్క మాట అనండి. ప్రస్తుతానికి అంతకంటే ఏమీ కలపవద్దు.

ఏమీ తోచకపోవడం, దేవుడు దూరంగా ఉన్నట్టు అనిపించడం విశ్వాసంలో ఓడిపోయినవాళ్లకే వస్తుందనుకోకండి. మదర్ థెరిస్సా 1997లో చనిపోయాక, 2007లో ఆమె ఉత్తరాలు పుస్తకంగా బయటికొచ్చాయి. దేవుడి సన్నిధి తెలియని చీకటిలో దాదాపు యాభై ఏళ్లు గడిపినట్టు వాటిలో ఉంది. ఆ ఏళ్లలోనే ఆమె ప్రతిరోజూ పొద్దున్నే లేచి రోగుల దగ్గరికి వెళ్లింది. మీరూ వారానికి మూడుసార్లు ఆయన్ను తీసుకెళ్లి, నాలుగేసి గంటలు పక్కన కూర్చుని, తీసుకొస్తున్నారు. ఏమీ అనిపించకపోయినా చేస్తున్నారు. విశ్వాసం ఎదగడమంటే మనసులో ధైర్యం పొంగడమే అనుకుంటాం. రోమా 5వ అధ్యాయంలో పౌలు చెప్పిన వరస చూడండి: శ్రమలోంచి ఓర్పు, ఓర్పులోంచి నిగ్గుతేలిన గుణం, అందులోంచి నిరీక్షణ. నిరీక్షణ చివర్న వస్తుంది. మీరు మొదటి మెట్టుమీద ఉండి, చివరిది ఇంకా దొరకలేదని మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నారు. ఓర్పు ఇప్పటికే మీలో కనిపిస్తోంది, మీరు దానికి ఆ పేరు పెట్టుకోలేదు, అంతే.

ఇంకొకటి చెప్పాలి, కాస్త కష్టమైన మాట. మీ నిరీక్షణ మొత్తం ‘ఆయనకు నయం కావాలి’ అన్న ఒక్క దానిమీద పెట్టుకుంటే, ప్రతి రక్తపరీక్ష రిపోర్టుతో మీ దేవుడు బతుకుతూ చస్తూ ఉంటాడు. నయం కావాలని అడగండి, గట్టిగా అడగండి. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు కూడా ఈ శ్రమల గిన్నె తీసేయమనే అడిగాడు, మళ్లీ మళ్లీ అడిగాడు. దానితోపాటు ఇవాళ్టికి సరిపడేవి కూడా అడగండి: ఈ రోజు డయాలసిస్‌లో బీపీ పడిపోకుండా ఉండాలని, బాబు నాన్నతో ఒక గంట కూర్చోవాలని, మీకు రాత్రి నిద్ర పట్టాలని. ఇవి చిన్న ప్రార్థనలు కావు. పునరుత్థానాన్ని నమ్మేవాళ్లకు చివరి నిరీక్షణ ఎటూ ఉంది, దాన్ని ఏ రిపోర్టూ మార్చలేదు. కానీ దాన్ని ఇప్పుడే మాటిమాటికీ తలుచుకుని ధైర్యం తెచ్చుకోమని మిమ్మల్ని తొందరపెట్టను. చనిపోయిన స్నేహితుడు లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ముందు ఏడ్చాడు.

కిడ్నీ గురించి మీరడిగిన ప్రశ్న చదివి చాలాసేపు ఆలోచించాను. ఎవరితోనూ అనలేకపోయారంటే మీ మనసు ఎంత నలిగిందో తెలుస్తోంది. మీరు ఎవరి చావునూ కోరుకోవడం లేదు. మీరు ప్రార్థించినా మానినా ఏదో ఒక ఇంట్లో ఆ దుఃఖం వస్తుంది, దానికి మీరు కారణం కారు. ఆ ఇంటివాళ్లు తమ జీవితంలో అతి చెడ్డ గంటలో, ముక్కూమొహం తెలియని ఒకరికి ప్రాణం పోయడానికి ఒప్పుకోవాలి. ప్రార్థించాల్సింది వాళ్ల కోసం. ఆ ఘడియలో వాళ్లు ఒంటరిగా ఉండకూడదని, వాళ్లకు ఓదార్చే మనుషులు దొరకాలని, ఆ తర్వాత ఏళ్ల తరబడి తమ నిర్ణయం వాళ్లకు ఊరటగా ఉండాలని అడగండి. మీ పేరు పెట్టి అడగలేకపోతే ఆ భాగం వదిలేయండి, దేవుడికి తెలుసు. ఒకరి మరణంవల్ల ఇంకొకరికి బతుకు రావడం క్రైస్తవులకు కొత్త సంగతి కాదు, రొట్టె విరిచిన ప్రతిసారీ దాన్నే గుర్తుచేసుకుంటున్నాం. అంత ఖరీదైనదాన్ని తల వంచి అందుకోవడం మనకు నేర్పించారు. ఆ ఫోను వచ్చిన రోజున మీరు సంతోషిస్తూ ఏడుస్తారు, రెండూ సరైనవే.

కూడిక బాధ్యతకొస్తే, ఇప్పటిలాగే కొనసాగితే బయటికి ఏమీ మారదు. సంఘంలో గుసగుసలు ఉండవు. కానీ ఇంటికొచ్చాక మీకు కలుగుతున్న ఆ అసహ్యం పెరుగుతుంది, ఒకరోజు కూడికతోపాటు దేవుణ్ణి కూడా వదిలేయాలనిపించే ప్రమాదముంది. రెండోది, పూర్తిగా మానేసి ఇంట్లో ఉండిపోవడం. మొదట హాయిగా ఉంటుంది. కొన్ని నెలలకు ఒంటరితనం మొదలవుతుంది, అప్పుడు ఎవరు కబురు పెట్టినా వెళ్లబుద్ధి కాదు. మూడోది, నడిపించే బాధ్యతను కొంతకాలం ఇంకొకరికి అప్పగించి, కూడికకు మాత్రం వెళ్లి, ప్రార్థన చేయించుకునే మనిషిగా కూర్చోవడం. “నేను అలిసిపోయాను, నాకు ప్రార్థన రావడం లేదు, మీరు చేయండి” అని చెప్పడం. నాకు ఇదే నచ్చుతుంది. అమాలేకీయులతో యుద్ధంలో పైకెత్తి ఉంచిన మోషే చేతులు బరువెక్కితే అహరోను, హూరు చెరొకవైపు పట్టుకున్నారు. మోషే రాయిమీద కూర్చున్నాడు. కూర్చున్నందుకు అతణ్ణి ఎవరూ తప్పుపట్టలేదు.

నాలుగో దారి కూడా ఉంది, అది మీకు ఓపిక ఉంటేనే. ఒక కూడికలో 88వ కీర్తన చదివి, అది మీకెందుకు దగ్గరైందో మీరే చెప్పడం. కొందరు బెంబేలెత్తుతారు, ఒకరిద్దరు మీవైపు జాలిగా చూస్తారు. కానీ ఆ గదిలో మీలాగే గట్టిగా ప్రార్థించి ఇంటికెళ్లి ఏడుస్తున్న స్త్రీ ఇంకొకరైనా ఉంటుందని నా నమ్మకం. ఇందులో తొందరేమీ లేదు.

అందరికీ అన్నీ చెప్పనక్కర్లేదు. యేసు కూడా గెత్సేమనేలో ముగ్గుర్నే దగ్గర ఉంచుకుని, తన ప్రాణం మరణమయ్యేంత దుఃఖంలో ఉందని వాళ్లతోనే అన్నాడు. మీరూ నోరు జారని ఇద్దరిని ఎంచుకోండి. వాళ్లను “ప్రార్థించండి” అని మాత్రమే అడగకండి, పని అడగండి. వారంలో ఒక డయాలసిస్ రోజు మీ వారి పక్కన ఎవరైనా కూర్చోగలరా, బాబును ఎవరైనా చదివించగలరా అని. ఏదైనా అవసరముంటే చెప్పండి అని మాట వరసకు అన్నవాళ్లలో సగంమంది నిజంగానే ఏం చేయాలో తెలియక ఆగిపోయారు.

మీ ఒంటి సంగతి కూడా చూసుకోండి. షుగర్ ఉందని తేలింది అని ఒక్క వాక్యంలో దాటేశారు, మందులు వాడుతున్నారో లేదో రాయలేదు. బ్రతుకుమీద విసిగి చచ్చిపోతానని చెట్టుకింద పడుకున్న ఏలీయా ప్రవక్తను దేవుడు మందలించలేదు. దూత వచ్చి రెండుసార్లు తట్టి లేపి రొట్టె, నీళ్లు పెట్టాడు. మధ్యలో నిద్రపోనిచ్చాడు. మాటలు తర్వాత, హోరేబు కొండ దగ్గర. ఏడుపు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటి దాదాపు రోజూ ఉంటే డాక్టర్‌కు చెప్పాలి. అది డిప్రెషన్ కావచ్చు, దానికి చికిత్స ఉంది. ఎప్పుడైనా చచ్చిపోవాలనిపిస్తే ఆ రోజే చెప్పండి, ఆగకండి.

బాబు అడిగిన ప్రశ్నకు మీరు జవాబు చెప్పలేకపోవడం మంచిదే అయింది. “దేవుడు తప్పకుండా బాగుచేస్తాడు” అని చెప్పి ఉంటే ఆ క్షణానికి సరిపోయేది. రేపు అలా జరగకపోతే వాడికి నాన్న బెంగతోపాటు, దేవుడు అబద్ధమన్న బాధ కూడా మిగిలేది. “అలా అడగకూడదు, పాపం” అంటే అడగడం మానేస్తాడు, అనుకోవడం మానడు. “నాకూ తెలియదు నాన్నా, నేనూ అదే అడుగుతున్నాను. నమ్ముతున్నాను కాబట్టే ఆయన్నే అడుగుతున్నాను” అంటే వాడికి తోడు దొరుకుతుంది. కొడుకు కోసం వచ్చిన ఒక తండ్రి యేసుతో, నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సాయం చెయ్యి అన్నాడు. ఆ సగం సగం మాటకే ఆ కొడుకు బాగుపడ్డాడు. బాబుతో కలిసి ఆ భాగం చదవండి, మార్కు 9వ అధ్యాయం. ఆ వయసు పిల్లలు ఇంట్లో జబ్బు తమ తప్పువల్లే వచ్చిందేమోనని లోపల్లోపల అనుకోవడం ఉంటుంది. పాపం, శిక్ష అన్న మాటలు వాడి చెవిన కూడా పడే ఉంటాయి. నాన్న జబ్బుకు నువ్వు గానీ, నేను గానీ, నాన్న గానీ కారణం కాదని వాడికి విడమర్చి చెప్పండి.

చివరగా, ఇంత పెద్ద ఉత్తరంలో సంఘంలోవాళ్లు ఏమన్నారో ఉంది, ప్రసంగీకుడు ఏమన్నాడో, డాక్టర్లు ఏమన్నారో, బాబు ఏమన్నాడో ఉంది. మీ వారు ఏమంటున్నారో ఎక్కడా లేదు. ఆయన ఎలా ప్రార్థిస్తున్నారు, అసలు ప్రార్థిస్తున్నారా, దేనికి భయపడుతున్నారు, మీమీద ఇంత భారం పడిందని లోపల ఎంత కుమిలిపోతున్నారు? మీరు ఆయన ముందు ధైర్యంగా ఉండాలని, ఆయన మీ ముందు ధైర్యంగా ఉండాలని చూస్తూ రెండేళ్లుగా ఒకరినొకరు కాపాడుకుంటున్నారని నా అనుమానం. డయాలసిస్ అయిపోయాక ఆయన అలసిపోయి ఉంటారు, అప్పుడు వద్దు. డయాలసిస్ లేని రోజున, బాబు ఇంట్లో లేనప్పుడు పక్కన కూర్చుని, నాకు ప్రార్థన రావడం లేదండీ, మీకు వస్తోందా అని అడగండి. ఆయన ఏం చెబితే అది వినండి, వాక్యంతో జవాబు చెప్పకండి. ఆ కానుక మాట కూడా అప్పుడే చెప్పేయండి.